పాస్టరు తెచ్చిన కాగితం

రాజులకు అధికారం దేవుడివ్వలేదని పుస్తకాలు రాసిన జోసయా వెల్డన్ న్యూయార్క్ శివారులో చనిపోయిన మర్నాడు, ఆయనకు వండిపెట్టిన ఆమె దగ్గరికి పాస్టరు వచ్చాడు.

“చివర్లో భయపడి, రాసినవన్నీ తప్పేనన్నాడటగా?”

“లేదయ్యా. కిటికీ తియ్యమన్నారు, అంతే.”

“సరేలే. ప్రశాంతంగా పోయాడని ఈ కాగితంలో రాశాను. నీకు చదువు రాదుగా, ఇక్కడ ఇంటూ గుర్తు పెట్టు చాలు.”

“ఇలా ఇవ్వండి... ‘నా పుస్తకాలు కాల్చెయ్యండని ఏడ్చాడు’ అని ఉందేంటయ్యా?”

“నువ్వు చదవడం ఎప్పుడు నేర్చుకున్నావు?”

“ఈ రెండు చలికాలాల్లో. ఆయనే నేర్పారు.”

“సంతకం పెట్టకపోతే మన చర్చివాళ్ళెవరూ నిన్ను పనిలో పెట్టుకోరు.”

“పెట్టుకోకపోతే పోనివ్వండి. ఆయన నాకు మొట్టమొదట రాయడం నేర్పింది నా పేరే. దాన్ని అబద్ధం కింద రాయలేను.”