పరాయివాళ్ళ అద్దె

ఇస్తాంబుల్ నుంచి కిర్గిజ్‌స్తాన్‌లోని బిష్కెక్‌కి సంగీతం నేర్పడానికొచ్చిన నిల్గున్, ఆ మూడో అంతస్తు గదిలో తలుపు వెనక గడియ కోసం వెతుకుతోంది. ఫోన్లో కిర్గిజ్ భాషలో పొరుగావిడతో మాట్లాడుతున్న ఇంటావిడ, ఆ ఫోన్ చేత్తో పట్టుకునే లోపలికి వచ్చింది.

"గది నచ్చిందా అమ్మాయ్?" అని ఇద్దరికీ వచ్చిన రష్యన్‌లో అడిగింది.

"నచ్చింది అపా," అంది నిల్గున్, పెద్దావిడని అక్కడివాళ్ళు పిలిచినట్టే పిలుస్తూ. "కానీ లోపల గడియ లేదే? నేను ఇంతకుముందు అద్దెకున్న ఇంటి యజమాని తన తాళంచెవితో ఎప్పుడు పడితే అప్పుడు లోపలికొచ్చేసేవాడు."

"ఇక్కడ నేనున్నాగా! అద్దె మాత్రం చెప్పినంతే. ఒక్క సోమ్ తగ్గదు."

"మరి రెట్టింపు చెప్పానన్నారు ఫోన్లో? పరాయిదేశం గొర్రె, తలూపుతోందన్నారు?"

"అమ్మో! మా భాషొచ్చా నీకు?"

"రాదు. కానీ రెండునీ, గొర్రెనీ, తలనీ మా టర్కీలో కూడా దాదాపు అలాగే అంటాం. మిగతాది ఊహించా."

"గొర్రె అన్నది నిన్ను కాదులే... ఏయ్, నువ్వెందుకే నవ్వుతావ్? ఫోన్ పెట్టెయ్యలేదా ఇంకా?" అని ఇంటావిడ ఫోన్లోకి కసిరింది.

"ఏమంటున్నారు ఆవిడ?"

"తన గది ఇంతకంటే చవకంట. ఎదురుగానే."

"ఆ గదికి గడియ ఉందా?"

"నీకెందుకది? మావాళ్ళకిచ్చే అద్దెకే నీకూ ఇస్తా. తాళంచెవులన్నీ నీ దగ్గరే ఉంచుకో."

నిల్గున్ నవ్వాపుకుంటూ తన పెట్టెను గదిలోకి లాగింది.

"మరి గడియ?"

"ఇప్పుడే బిగిస్తానుండు. ఈ ఎదురింటావిడొచ్చి నిన్ను ఎగరేసుకుపోకముందే!"