జీడిపప్పుకు ధనరాజ్ కట్టిన తూకం

మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా చెప్పుకునే కథ ఒకటుంది: కంప్యూటర్ కొలువుల పిల్లలు కప్పుల లెక్కలో వంటల కొలతలు మోసుకొచ్చిన రోజుల్లో, ఆ కప్పులను కిలోల్లోకి మార్చగలిగిన వంటమనిషి ధనరాజ్ ఒక్కడేనని. కథ బాగుంది. సాక్షులెవరని విచారిస్తే మాత్రం అన్ని దారులూ ధనరాజ్ నోటి దగ్గరికే చేరుతాయి.

2003 ఎండాకాలం. మొయినాబాద్‌లో సాముయేలు చాయ్ హోటల్లో కూర్చున్న ధనరాజ్ దగ్గరికి యాదగిరి వచ్చాడు. మోకిలలో కట్టుకున్న కొత్త ఇంటి గృహప్రవేశానికి వంట మాట్లాడాలి. రెండేళ్లుగా ధనరాజ్‌ను పెద్ద వంటకు పిలిచినవారు లేరు. ఈ పని దక్కితే పేరు నిలబడుతుంది.

"మా బిడ్డ వెన్నెల కంప్యూటర్ల చూసిందట, ముప్పై కప్పుల జీడిపప్పుతోని హల్వా. ఎన్ని కిలోలు తేవాలె అన్నా?"

ధనరాజ్‌కు తెలియదు. ఆ తెలియకపోవడం చెవుల దాకా వేడిగా పాకింది. అందుకే నవ్వాడు.

"నన్నడుగుతున్నవా యాదన్నా? ఒక ఫాంహౌస్‌ల దావత్ చేసిన. పిడికెడు పప్పు తీసి తూకం చెప్పిన. తరాజు జర తేడా చూపెట్టింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంకో తరాజు తెచ్చిండ్రు, అది నా మాటే చెప్పింది. మొదటిది సిగ్గుతోని ముల్లు దించుకున్నది!"

"తరాజుకు సిగ్గా?" అన్నాడు సాముయేలు చాయ్ వడపోస్తూ. "ఒకరికన్న ఉండాలె గద అన్నా."

"జర ఇనవయ్యా! తూనికల ఆఫీసరొచ్చి తూకం బాట్లన్నీ నా అరచేతిల పెట్టి, నేను తక్కువున్నయన్నవాటిని అక్కడికక్కడ రద్దు చేసిండు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండు వేల సంవత్సరమొస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతయని ప్రపంచమంత గడగడలాడుతుంటే సాఫ్ట్‌వేరోళ్లు నా చెయ్యిని కంప్యూటర్ల ఎక్కించిండ్రు, నేను ఒక్కసారి పిడికిలి బిగించిన, అన్నీ నిమ్మలంగ నడిచినయ్! ఇప్పటికీ సంచి ముంగట నిలబడితే పప్పులే చెప్తయ్, 'బాపూ, మేము కిలోకు పావు తక్కువున్నం' అని."

మొదటి తరాజు దగ్గరే ఆగవలసిందని అతనికి తెలుసు. నోరు పల్లానికి పడ్డ బండిలా పోతూనే ఉంది.

బల్ల చివర మెహదీపట్నం బస్సు కోసం కూర్చున్న ఆమె ఇటు తిరిగింది. ఎంకపల్లి నిర్మలమ్మ. ధనరాజ్ అప్పటిదాకా ఆమెను చూడలేదు.

"మా మనుమరాలి పుట్టినరోజుకు నువ్వు హల్వా వండిననాడు గా పప్పులు ఎందుకు మాట్లాడలే బిడ్డా?"

ధనరాజ్ తల వంచుకున్నాడు.

"సేరు గిన్నెడు బియ్యం కిలో ఉంటే సేరు గిన్నెడు జీడిపప్పు గూడ కిలోనే అన్నవ్. పప్పుకు పప్పుకు నడుమున్న గాలిని గూడ తూకంల కలిపినవ్. పాలు, చక్కెరేమో కిలోల లెక్కల పోస్తివి. పప్పు తక్కువై హల్వా జారి జారి, గిలాసలల్ల పోసి ఇచ్చినం. మా వియ్యపురాలు తాగి, 'చారు తియ్యగున్నది' అన్నది."

హోటలంతా నవ్వింది. ఆమె గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ కాల్చింది.

యాదగిరి మాత్రం నవ్వలేదు. "కోతలు సరే అన్నా. ముప్పై కప్పులు ఎన్ని కిలోలు?"

ఒక్క కప్పు తూచి చూద్దామంటే చాలు. కప్పు హోటల్లో ఉంది, తరాజు పక్క కిరాణా కొట్లో ఉంది. అందరూ చూస్తుండగా లేచి ఆ కొట్టు దాకా నడవడానికి ధనరాజ్‌కు కాళ్లు రాలేదు.

2003 మే 11న మోకిలలో యాదగిరి ఇంట గృహప్రవేశం జరిగింది. హల్వా గట్టిగా కుదిరింది. వండింది చేవెళ్ల సక్కుబాయి; ధనరాజ్ రెండో బంతిలో కూర్చుని తిన్నాడు.