చివరి అధ్యాయంలో నాన్న

అచ్చుకు వెళ్లాల్సిన నవల ప్రూఫులు బల్ల మీద ఉన్నాయి. రాసినవాడూ, అతని చెల్లెలూ తప్ప గదిలో ఎవరూ లేరు.

“చదివావా?”

“చదివాను అన్నయ్యా. చదివి చేతులు కడుక్కున్నాను.”

“అంత రోత పుట్టిందా?”

“పుట్టింది. ఆ చివరి అధ్యాయం తీసెయ్.”

“అది తీస్తే ఇంక నవలేముంది చెల్లీ? ముసలాయన తన పాపాలన్నీ ఫాదర్‌కి చెప్పుకుంటాడు, ఫాదర్ నుదుటికి తైలం రాస్తాడు, ఆయన ప్రశాంతంగా కన్నుమూస్తాడు. పుస్తకమంతా అక్కడికే నడుస్తుంది.”

“ఆ ముసలాయన మన నాన్న.”

“పాత్ర.”

“నాన్న దగ్గు, నాన్న తిట్లు, నాన్న చొక్కాకి ఊడిన గుండీ. పాత్రంట, పాత్ర. మన నాన్న ఆస్పత్రిలో ఫాదర్ని పొమ్మని గోడవైపు తిరిగి పడుకున్నాడు. తెల్లారేసరికి పోయాడు.”

“అందుకే రాశాను. పాపాలు చెప్పుకోకుండా పోయాడని నేనెంత ఏడ్చానో నీకు తెలీదు. ఆయనకి దక్కనిది నా పుస్తకంలోనైనా ఇద్దామని...”

“ఇవ్వడానికి నువ్వెవరు? నువ్వేమన్నా ఫాదర్‌వా?”

“విశ్వాసిని. ఆఖరి క్షణంలోనైనా దేవుడి కృప అందుతుందని నమ్మినవాణ్ణి. నా పుస్తకాలన్నీ దాని మీదే నిలబడ్డాయి.”

“నిలబడ్డాయి, నిలబడ్డాయి. ప్రతిదాంట్లోనూ ఒకడు తప్పతాగి పెళ్లాన్ని కొడతాడు, ఆఖర్న మోకాళ్ల మీద పడతాడు. చదివినవాళ్లు ముక్కు చీదుకుంటారు, బిషప్పుగారు శాలువా కప్పుతారు. ఆ పెళ్లాం నడుం నొప్పి గురించి ఒక్క ముక్క ఉండదు.”

“విశ్వాసం ఉంటే తెలిసేది నీకు.”

“ప్రతి ఆదివారం చర్చిలో పూజకి వెళ్లేది నేను. నువ్వు వెళ్లేది సన్మానాలకి.”

“సరే, సరే. చివరి అధ్యాయంలో తప్పేంటో చెప్పు.”

“తమ్ముడి మీద దొంగసాక్ష్యం చెప్పి జైలుకి పంపానని ముసలాయన ఏడుస్తాడు చూడు, అది నీకెలా తెలుసు?”

“ఊహించాను.”

“బాబాయిని అడిగొచ్చాను. నిజమేనంట. నాన్న ఇంట్లో ఒక్కరికీ చెప్పలేదంట. నువ్వెలా ఊహించావు?”

“ఏదో... అలా తోచింది.”

“అన్నయ్యా.”

“ఆ రాత్రి వార్డులో నిలబడ్డాను. ఫాదర్ నాన్న మంచం చుట్టూ తెర లాగాడు. నేను ఇవతల ఉన్నాను. చెవిన పడింది.”

“పడిందా, చెవి పెట్టావా?”

“పెట్టాను. రాసేవాణ్ణి, ఆగలేకపోయాను. అయినా అదొక్కటే చెప్పాడు, సగంలో ఆపేశాడు. ‘ఇంక చాలు, పొండి’ అన్నాడు ఫాదర్‌ని. దేవుడి మీద అంత కోపమేంటో నాకిప్పటికీ అంతుపట్టదు.”

“దేవుడి మీద కాదు.”

“మరి?”

“ఫాదర్ వెళ్లాక నన్ను దగ్గరికి రమ్మని చెవిలో చెప్పాడు. ‘తెర కింద మీ అన్నయ్య చెప్పులు కనిపించాయమ్మా. మిగతావి పైకి పోయి చెప్పుకుంటాలే’ అన్నాడు.”