ఇంగ్లీషు పుస్తకమున్న ట్రాక్టరు

సాగర్ కాలువ నీళ్లొచ్చాక ఎడ్లతో పని తెమలడం లేదని అన్నదమ్ములు మిర్యాలగూడకు ట్రాక్టరు కొనడానికి వచ్చారు. ఊళ్లో మొదటి బీఏ అయిన తమ్ముడి జేబులో హైదరాబాదు ఉద్యోగం ఆర్డరు ఉంది. ముందు అన్నకు మంచి ట్రాక్టరు ఇప్పించి, ఆ తర్వాత చెబుదామనుకున్నాడు.

“ఏందిరా, పొద్దటిసంది ఈ కొత్తదాన్నే మెచ్చుకుంటున్నవ్?”

“హైడ్రాలిక్ ఉందే అన్నా. మీట లేపితే నాగలి దానంతటదే లేస్తది. నీ నడుముకు కష్టముండది.”

“పక్కదానికి గీ మీటలు లేవు. చెడిపోతే మన కమ్మరాయనే బాగుచేస్తడు. మరి దీన్నెవరు చేస్తరు?”

“పుస్తకమిస్తరు. అన్నీ అండ్లనే రాసుంటయి.”

“ఇంగ్లీషుల గదా! మనూర్ల నువ్వు గాక ఇంకెవడు సదువుతడు?”

తమ్ముడు జేబులోని ఆర్డరును గట్టిగా పట్టుకున్నాడు.

“అన్నా, పక్కదే తీసుకుందాం. నువ్వే నడుపుకోవచ్చు.”

“గిప్పుడంటవా? నీ మాట మీద ట్రాక్టర్లమ్మే సేటుకు మాటిచ్చిన. నడిపేటోడెవరంటే నీ పేరే రాయించిన.”

“జర ఆగకపోతివి.”

“ఎందుకాగాలెరా? నేను బడి బంజేసి నాగలి పట్టింది నిన్ను సదివియ్యనీకే. గిప్పుడు నీ సదువు మన పొలానికే అక్కరకొచ్చింది.”

అన్న కళ్లు తుడుచుకుని, కొత్త ట్రాక్టరు టైరు కింద నిమ్మకాయ పెట్టాడు.

“జేబుల ఏందిరా, గట్ల పట్టుకున్నవ్?”

“ఏం లేదే. కాయితం.”

“లోపలికి పెట్టుకో, చెమటకు నానుతది. ఎక్కు, నిమ్మకాయ తొక్కియ్యి.”

“ఎక్కుతనే. ముందుగాల ఆ పుస్తకం ఇటియ్యి.”