ఇరవైమూడో నంబరు

1954. రాయపూర్ రైల్వే క్వార్టరు, ఆదివారం మధ్యాహ్నం. సత్తిరాజు కాలేజీలో అర్థశాస్త్రం చెబుతాడు. భార్య గంగాభవాని అతని క్లాసులోనే బీఏ చదువుతోంది. సత్తిరాజు తండ్రి పరదేశిది యార్డులో బండి చక్రాలను సుత్తితో కొట్టి చూసే ఉద్యోగం.

“అదొద్దు భవానీ. పక్కన పెట్టు.”

“ఎందుకొద్దురా? నీ పాఠం ఎలాగుందో సీటీల మీద రాయమని నువ్వడిగావు, కుర్రోళ్ళు రాసేరు. సదువమ్మా.”

“‘సారు బోర్డుకి బాగా చెబుతారు. బోర్డు తప్పకుండా పాసవుతుంది. మా సంగతే డౌటు.’ అంతే మావయ్యా.”

“శభాష్! ఎవుడమ్మా ఈడు?”

“నవ్వకు నాన్నా. రేపు ఈ చీటీలన్నీ ప్రిన్సిపాలుకివ్వాలి. నన్ను పర్మనెంటు చేసేదీ, ఇంటికి పంపేదీ ఇవి చూసే.”

“అయితే ఏటి సేస్తావు?”

“బాగున్నవి ఇస్తాను. మిగతావి పొయ్యిలోకి.”

“బాగున్నవెన్ని?”

“వెతుకుతున్నాం కదా!”

“‘సారు వీపు ఎక్కడైనా గుర్తుపడతాం. మొహమే...’”

“చాలు భవానీ.”

“‘...గోల్‌బజార్లో ఎదురైతే నమస్తే పెట్టాలో వద్దో తెలీలేదు.’”

“జులాయి వెధవలు! వీళ్ళకి డిగ్రీలొకటి!”

“ఒరే, సక్రం మీద సుత్తేస్తాను. ఖంగుమంటే బండి కదుల్తాది. బొద్దుమంటే పగులు. సప్పుడు బాగోలేదని సెవులు మూసుకున్నాననుకో, మందిర్ హసౌద్ టేసను దాటకుండా బండి పడతాది.”

“అయితే నేను చక్రాన్నా?”

“మరి? సుత్తి ఆళ్ళ సేతుల్లో ఉంది.”

“ఇంకొకటుందండీ. ఆఖరిది. వద్దులెండి.”

“ఇందాక వద్దంటే చదివావు. చదువు!”

“‘హాజరు పిలిచేటప్పుడు సారు తలెత్తరు. ఇరవైమూడో నంబరు క్లాసుకి రాక రెండు నెలలైంది. ఎవరో పలుకుతున్నారు. సారు హాజరు వేసుకుంటున్నారు.’”

“పచ్చి అబద్ధం! నా క్లాసులో హాజరు నూటికి నూరు. ప్రిన్సిపాలే మెచ్చుకున్నాడు!”

“పేరెట్టి పిలవవేట్రా?”

“డెబ్భైమంది నాన్నా! పేర్లెవడికి గుర్తుంటాయి? నంబర్లే. ఎవడో ఆ ఇరవైమూడు, రేపు పేరు కొట్టేస్తాను. రిజిస్టరేదీ?”

“రిజిస్టరెందుకండీ. నేనే.”

“ఏమిటి నువ్వు?”

“ఇరవైమూడు.”

“నువ్వా? రోజూ కాలేజీకొస్తావు కదే!”

“వస్తున్నాను. ఆ గంట పక్క గదిలో చరిత్ర వింటున్నాను. నా బదులు మా బెంచీలో తాయారు పలుకుతోంది. ఆ చీటీలో రాత తాయారుది, మాటలు నావి.”

“వార్నీ! సొంత పెళ్ళాం గొంతు కూడా పోల్చుకోలేదేట్రా!”

“నువ్వూరుకో నాన్నా! భవానీ, మరి ఆ చరిత్ర సారు నిన్ను పట్టుకోలేదా?”

“పట్టుకున్నారండీ, మొదటిరోజే. గదిలో అడుగుపెట్టి అందర్నీ ఒకసారి చూసి, ‘అమ్మా, నువ్వు నా క్లాసు పిల్లవి కావే, ఎవరి దగ్గర్నుంచి పారిపోయొచ్చావు?’ అన్నారు. ఇప్పుడు చెప్పండి, పొయ్యి వెలిగించమంటారా?”