పదిహేడు వందల పన్నెండు నేనులు

ఏమిటీ, పుస్తకం రాసి దానికో ఎడిటర్ని కూడా పెట్టుకున్నావా? అయిపోయిందే అమ్మాయ్ నీ పని, ఇలా కూర్చో. నేనూ పెట్టుకున్నానులే ఒకావిడని, ముప్ఫై నాలుగేళ్ళ వయసులో. పత్రికాఫీసులో ప్రూఫులు దిద్ది దిద్ది రిటైరైన మనిషి. ఎర్రపెన్నమ్మ అనేవారు అందరూ. పోయి ఎన్నేళ్ళయిందో, అయినా ఇప్పటికీ నేను చిన్న చీటీ రాసినా వెనక నిలబడి చూస్తున్నట్టే ఉంటుంది. ముప్ఫై నాలుగేళ్ళకే ఆత్మకథేమిటి తాతయ్యా అంటావా? అదే మరి! లిఫ్టులు బిగించే కంపెనీ పెట్టి పదేళ్ళు, ఇరవయ్యొక్క భవనాలు, అరవై మూడు లిఫ్టులు, భవనానికి సగటున మూడు. అన్ని లెక్కలు నోటిమీద ఉన్నవాడు మహానుభావుడు కాకపోతే ఇంకెవడవుతాడు? రెండొందల పద్నాలుగు పేజీలు రాశాను. పేరు 'నేను పైకొచ్చిన విధం'. లిఫ్టులవాణ్ణి కదా, పైకి రావడమంటే రెండర్థాలు వచ్చాయని వారం రోజులు నాలో నేనే మురిసిపోయాను. ఇంకెవరూ మురవలేదనుకో.

కామాలు సరిచూసి ఇచ్చేస్తుందనుకున్నాను. మొదటిరోజే కిటికీ పక్క బల్ల మీద కాగితాలు పరిచి, "బాబూ, లెక్కలు బాగా వచ్చన్నావుగా, ఇందులో 'నేను'లు ఎన్నున్నాయో చెప్పు" అంది. నాకు పరీక్ష పెడుతోందని హుషారు! పది పేజీలు లెక్కపెట్టి, పేజీకి ఎనిమిది చొప్పున పదిహేడు వందల పన్నెండు అని టక్కున చెప్పాను. శభాష్ అంటుందనుకున్నాను. "'వెళ్ళాను' అంటే చాలదూ? చివర నువ్వు ఉండనే ఉన్నావు, మళ్ళీ ముందు కూడా నిలబడ్డం దేనికి? ఒక్కడివి, ఒక బస్సుకు రెండు టికెట్లు కొంటావా?" అని ఎర్రపెన్ను మూత తీసింది. ఇక చూసుకో. ఇంటికి తెచ్చేసరికి కాగితాలకి తట్టు పోసినట్టుంది. మీ చిన్న నానమ్మ చూసి, "ఉచితంగా తిట్టేదాన్ని ఇంట్లో నేనుండగా జీతమిచ్చి తిట్టించుకోవడం ఏం ఖర్మండీ" అంది. ఆవిడకి ఆ పుస్తకంలో అన్నిటికంటే నచ్చింది ఆ కొట్టివేతలే.

ఆ, ఏం చెబుతున్నాను... మోటారు. నాలుగో అధ్యాయం. నా మొట్టమొదటి లిఫ్టు. 'నూట పది కేజీల మోటారును నేను డెబ్భై రెండు మెట్లు ఎక్కించాను, నలభై నిమిషాల్లో' అని గొప్పగా రాసుకున్నాను. ఆవిడ చదివి, "నాకు లెక్కలు రావు గానీ, అప్పుడు నీ బరువెంత బాబూ?" అంది. యాభై రెండన్నాను. "మరి రెండో కొస ఎవరు పట్టుకున్నారు?" ఎవరో ఒకరులెండి అన్నాను. "ఎవరో ఒకరికి పేరో వరసో ఉంటుందిగా?" అంది. అప్పుడు ఒప్పుకోక తప్పలేదు. అన్నయ్య. మీ తాత. కంపెనీ బోర్డు మీద ఎవరి పేరు ముందుండాలన్న దగ్గర తెగి, అప్పటికి ఆరేళ్ళుగా మాకు మాటల్లేవు. బోర్డు మీంచి తీసేసినవాణ్ణి పుస్తకంలోంచి తీసెయ్యడం ఎంతసేపు? రెండొందల పద్నాలుగు పేజీల్లో ఆయన వాటా సున్నా. ఆవిడ పెన్ను మూతపెట్టి, "ఇది మళ్ళీ రాయి. రాసి నాకు చూపించకు, ఆయనకు చదివి వినిపించు. ఆయన సరే అంటేనే ప్రెస్సుకి వెళ్తుంది" అంది. కామాలు చూడమ్మా అంటే కాపురాలు చూస్తుందేమిటి అని తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే రాశాను. రాస్తుంటే తెలిసింది, నాలుగు రోజులు అదే అధ్యాయం మీద కూర్చున్నాను, ఆయనకు నచ్చాలని. ప్రెస్సు సంగతే మర్చిపోయాను.

సరే, వెళ్ళాను. మీ నానమ్మ తలుపు తీసి, "ఎవరు కావాలండీ?" అంది. అండీ! సొంత మరిదిని పట్టుకుని! లోపల అన్నయ్య ఒంటిచేత్తో చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ఎడమ భుజం అప్పటికే లేచేది కాదు. కూర్చోమనలేదు, నేనే కూర్చున్నాను. చదవడం మొదలెట్టాను. 'మేమిద్దరం మోటారు ఎత్తాం. మేము మెట్లెక్కాం.' ఆయన కళ్ళు మూసుకుని విని, "మేము అంటే ఎవర్రా?" అన్నాడు. నువ్వూ నేనూ అన్నాను. "నేనిక్కడ చచ్చానా? ఎదురుగా కూర్చున్నవాడితో మేము మేము అంటావేం, పక్కింటివాళ్ళ ముచ్చట చెబుతున్నట్టు!" అన్నాడు. అంతే కదే. మనిషి ఎదురుగా ఉంటే మనం అనాలిగా. మళ్ళీ మొదటినుంచి చదివాను. మనిద్దరం ఎత్తాం, మనం ఎక్కాం... రెండో పేజీలో చదివిన వాక్యమే మళ్ళీ మళ్ళీ చదివాను. లోపల్నించి మీ నానమ్మ, "మంచినీళ్ళు తాగి చదువు" అంది. అండీ పోయింది.

అన్నయ్య సరేనన్నాడు, ఆవిడ ఆ అధ్యాయం కూడా దిద్దింది, పుస్తకం అచ్చయింది. అచ్చులో మాత్రం 'మేము' అనే ఉండాలంది ఆవిడ, చదివేవాళ్ళు ఆ మెట్లెక్కలేదుగా అని. అయిదొందల కాపీల్లోంచి ఒకటి తీసి, ఆ అధ్యాయం పొడుగునా నలభై మూడు చోట్ల ఎర్రపెన్నుతో 'మేము' కొట్టేసి 'మనం' అని రాసి, "ఇది ఆయన ప్రతి" అని ఇచ్చింది. వారం తర్వాత అన్నయ్యే ఆ పుస్తకం పట్టుకుని మా ఇంటికొచ్చాడు. "మీ ఎర్రపెన్నమ్మ ఒకటి వదిలేసిందిరా" అని బల్ల మీద పెట్టాడు. చూశాను. నేనులతోబాటు నాకులు కూడా కొట్టేసిందిగా ఆవిడ, అక్కడ ఒక వాక్యం ఇలా మిగిలింది: 'కింది మెట్టు మీద అన్నయ్య ఉన్నాడు. బరువు తెలియలేదు.' బరువు తెలియంది అన్నయ్యకన్నట్టు! మెట్ల మీద ఏదైనా మోస్తే కిందున్నవాడి మీదే కదే భారమంతా. ఆ 'బరువు'కి ముందు పెన్సిలుతో 'నీకు' అని రాసుకొచ్చాడు. నీకు బరువు తెలియలేదు.

ఆవిడకు చూపించాను. "నేను చూసుకోవాల్సింది బాబూ, రెండో ముద్రణలో పెడదాం" అంది. రెండో ముద్రణా! మొదటిదే మూడొందల ఎనభై అటక మీద ఉంటే. ఆవిడా లేదు, ఆయనా లేడు...

ఆ కిటికీ వెయ్యమ్మా, దుమ్ము కొడుతోంది.