కన్సోల్ గదిలో ఎవరు?

ఆదివారం మధ్యాహ్నం. చెన్నైలో ఉన్న, ఒక బ్యాంకు లెక్కలన్నీ నడిపే పెద్ద కంప్యూటర్, మెయిన్‌ఫ్రేమ్‌ను చూసుకునే శిల్ప, ఉదయ్ కుమార్ ఫోన్‌లో ఉన్నారు. శిల్ప ఉదయగిరిలో, ఇంటి నుంచే పనిచేస్తోంది. మార్పుల కోసం మెయిన్‌ఫ్రేమ్‌లో ఒక ప్రోగ్రాంను కాసేపు ఆపి, మళ్ళీ మొదలుపెట్టాలి.

“ఆపేయమంటావా, ఉదయ్?”

“ఆపు, ఆపు. బిన్నా ఆపు, ఆలస్యం చెయ్యబాక.”

“తమాషా గాదబ్బా. ఈ రూటింగ్ ప్రోగ్రాం ఆగితే మెయిన్‌ఫ్రేముకి దోవ చూపించేది ఉండదు. నా స్క్రీన్ కూడా తెగిపోద్ది. మళ్ళీ లేపాల్సింది కన్సోల్ గదిలో ఉండే నువ్వే.”

“తెలుసు తల్లీ. ఆ కన్సోల్‌కి నేరుగా వైరు ఉండాది. లేపుతాలే.”

“గదిలోనే ఉండావు గదా?”

“ఆఁ... ఉండా. కమాండ్ కొట్టు శిల్పా, ఇక్కడ కాచుకోనుండారు.”

“ఎవరు?”

“ఎవరూ లేరు. మిషన్లు.”

“కొట్టినా. ఆగింది... ఇదో, స్క్రీన్ పోయింది! ఉదయ్, నా చేత్తో ఒక బ్యాంకుని ఆపినా!”

“సూపర్!”

“ఇంక లేపు.”

“లేపుతా... లేపుతుండా... ఇదేంది, నాకూ రావడం లేదే?”

“నీకెందుకు రాదు? ఆ ఏడుపేంది?”

“ఏ ఏడుపు?”

“పసిబిడ్డ ఏడుస్తుండాది. కన్సోల్ గదిలో బిడ్డేంది?”

“అరవబాక శిల్పా. ఆత్మకూరులో ఉండా. అక్క బిడ్డకి చెవులు కుట్టిస్తుండారు. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకుంటేగానీ కుట్టరంట. లాప్‌టాప్ తెచ్చినా గదా, ఇక్కణ్ణించే లేపుదామనుకున్నా.”

“నీ లాప్‌టాప్ మాత్రం ఏ దోవన పోద్ది? ఇప్పుడే గదా ఆ దోవ ఆపింది!”

“అవును గదా!”

“నవ్వబాక!”

“నువ్వే గదా నవ్వుతుండావు!”

“నవ్వు గాదు, భయం! సాయంత్రం దాకే ఏటీఎంలు ఆగుతాయని చెప్పుండాం, అప్పటికి లేవకపోతే గోల. మన ఉద్యోగాలు ఉండవు. అయ్యో, కడుపు నొప్పొస్తుండాది... నవ్వబాకంటే!”

“శీనయ్య సార్‌కి చెప్పేద్దాం. మన మేనేజరు ఆదివారమైనా ఆఫీసు వదలడు గదా. ఆగు, కాల్‌లోకి కలుపుతా.”

“సార్, శిల్పని. తప్పైపోయింది సార్. రూటింగ్ ఆపేసినాం, కన్సోల్ కాడ ఎవరూ లేరు. మీరొక్కసారి ఆ గదిలోకి పోయి...”

“గట్టిగా చెప్పమ్మా. ఇక్కడ జనం.”

“ఆఫీసులో జనమేంది సార్?”

“ఆఫీసెక్కడమ్మా? అనుమసముద్రంపేట దర్గా కాడ ఉండా. గదిలో కూర్చోనుండానని పొద్దున ఉదయ్ మెసేజ్ పెట్టినాడు. ఆ గది తాళంచెవి చూస్తే నా జేబులోనే ఉండాది. లోపలికెట్ట పోయినాడా అని అప్పట్నుంచీ ఆలోచిస్తుండా.”